నాలుగు గేజులూ సగం దగ్గరే ఆగాయి: ఒక డ్యాష్‌బోర్డు డైరీ

1వ రోజు

సోమవారం వస్తే మా ఆఫీసులో ఐదు ఎక్సెల్ ఫైళ్లు మెయిల్లో తిరుగుతాయి. ఆర్డర్లది ఒకటి, డిస్పాచ్‌ది ఒకటి, రిటర్నులది ఒకటి, టార్గెట్లది ఒకటి, ఈ నాలుగింటినీ కలిపి ఎవరో చేత్తో తయారు చేసిన సారాంశం ఒకటి. ఆ ఎవరో నేనే. మీటింగు మొదలయ్యేసరికి ఎవరి చేతిలో ఏ వెర్షన్ ఉందో ఎవరికీ తెలియదు. మొదటి పావుగంట అంకెలు సరిచూసుకోవడంతోనే పోతుంది.

ఈ ఉదయం మేనేజర్ పిలిచి, "ఇవన్నీ ఒకే చోట కనబడాలి, నెల రోజుల్లో అయిపోవాలి" అన్నారు. డేటాను చార్టులుగా చూపించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐ లైసెన్సులు మాకు ఎప్పటినుంచో ఉన్నాయి, వాడేవాళ్లే లేరు. నాకూ పైపైన తెలుసు, లోతుగా తెలియదు.

ముందుగా ఒక మాట రాసి పెట్టుకుంటున్నాను, మళ్లీ తికమకపడకుండా. పవర్ బీఐలో "రిపోర్టు" వేరు, "డ్యాష్‌బోర్డు" వేరు. డెస్క్‌టాప్‌లో మనం తయారు చేసేది రిపోర్టు, దానికి ఎన్ని పేజీలైనా ఉండొచ్చు. దాన్ని ఆన్‌లైన్‌లోకి ఎక్కించాక అందులోంచి కావలసిన ముక్కలను పిన్ చేసి ఒకే పేజీగా పేర్చుకుంటే అది డ్యాష్‌బోర్డు. మా మేనేజర్‌తో సహా ప్రపంచమంతా రెండింటినీ డ్యాష్‌బోర్డు అనే అంటుంది. నేనూ అలాగే రాస్తాను.

మధ్యాహ్నానికల్లా ఒక నమూనా చేసేశాను. పైన నాలుగు గేజులు (స్పీడోమీటర్ లాంటి అర్ధచంద్రాకారపు మీటర్లు), కింద ఒక డోనట్ (మధ్యలో ఖాళీ ఉన్న గుండ్రటి వాటాల చార్టు), పక్కన ఒక మ్యాపు, నల్లటి నేపథ్యం. విమానం కాక్‌పిట్‌లా ఉంది. చూపించిన ప్రతివాళ్లూ "బాగుంది" అన్నారు. ఇంత తేలిగ్గా అవుతుందనుకోలేదు.

2వ రోజు

అవలేదు.

గోడౌన్ ఇన్‌చార్జి గారు వేరే పని మీద వచ్చి నా వెనక నిలబడి తెర చూశారు. కాసేపయ్యాక, "ఈ నాలుగూ సరిగ్గా సగం దగ్గరే ఆగాయేంటండీ?" అన్నారు.

చూస్తే నిజమే. ఆర్డర్లు, డిస్పాచ్, రిటర్నులు, స్టాకు, నాలుగింటిలోనూ రంగు సరిగ్గా సగం వరకే నిండి ఉంది. బ్రాంచి మార్చినా సగమే, నెల మార్చినా సగమే. నిన్న పదిమంది చూశారు, ఒక్కరికీ అనుమానం రాలేదు. తయారు చేసిన నాకూ రాలేదు.

కారణం చాలా మామూలుది. గేజ్‌కి గరిష్ఠం ఎంతో మనం చెప్పకపోతే, అది ఇప్పుడున్న విలువకు రెట్టింపును గరిష్ఠంగా తీసుకుంటుంది. అందుకే విలువ ఎంతైనా సగం దగ్గరే నిలబడుతుంది. ఇది దాచిపెట్టిన సంగతేమీ కాదు, సహాయ పేజీల్లోనే ఉంది. చదవకుండా లాగి వదిలింది నేను.

గరిష్ఠం పెడదామంటే అసలు ప్రశ్న ఎదురైంది. ఆర్డర్లకు గరిష్ఠం ఏముంటుంది? రిటర్నులకు? ఒక హద్దు, ఒక లక్ష్యం ఉన్న అంకెకే గేజ్ పనికొస్తుంది. నేను పెట్టిన నాలుగింటిలో మూడింటికి హద్దే లేదు. అవి వట్టి అంకెలు. వట్టి అంకెకు పెద్ద అక్షరాల కార్డు ఒకటి చాలు.

నమూనా మొత్తం తీసేశాను. మ్యాపు తీసేటప్పుడు కాస్త బాధేసింది.

4వ రోజు

నిన్నా ఇవాళా కంప్యూటర్ ముట్టుకోలేదు. నోటుబుక్కు పట్టుకుని ముగ్గురి దగ్గర కూర్చున్నాను: అమ్మకాల హెడ్, గోడౌన్ ఇన్‌చార్జి, ఫైనాన్స్ మేడం. "మీకు ఏ చార్టు కావాలి?" అని అడగలేదు. అలా అడిగితే అందరూ ఎక్కడో చూసిన బొమ్మే చెబుతారు. "పొద్దున రాగానే మీకు తెలియాల్సిన మొదటి సంగతేంటి? అది తెలిశాక ఏం చేస్తారు?" అని అడిగాను.

రెండో సగం చాలా పనికొచ్చింది. అమ్మకాల హెడ్ పద్నాలుగు సంగతులు చెప్పారు. వాటిలో తొమ్మిదింటికి "తెలిశాక ఏం చేస్తారు" అంటే "ఏం చెయ్యను, ఊరికే తెలిస్తే బాగుంటుంది" అన్నారు. ఆ తొమ్మిదీ ప్రస్తుతానికి పక్కన పెట్టాం. గోడౌన్ ఇన్‌చార్జి గారు ఒక్కటే అడిగారు: "ఇవాళ ఏవి పంపాలి, వాటిలో ఏవి ఇప్పటికే ఆలస్యం. ఆర్డరు నంబర్లతో సహా." ఆయనకు చార్టు ఎందుకు? పట్టిక కావాలి. ఆలస్యమైన వరుసలు పైకి రావాలి, అంతే.

చివరికి పదకొండు ప్రశ్నలు మిగిలాయి. ఒక్కో ప్రశ్న పక్కన దానికి తగిన ప్రదర్శన ఏదో రాసుకుంటూ పోయాను. "ఇప్పుడెంత?" అంటే కార్డు. "పెరుగుతోందా, తగ్గుతోందా?" అంటే గీత. "ఎవరు ముందు, ఎవరు వెనక?" అంటే అడ్డ బార్లు, పెద్దది పైన వచ్చేలా వరుస పెట్టి. బార్లు అడ్డంగానే ఎందుకంటే బ్రాంచి పేర్లు పొడుగ్గా ఉన్నాయి, నిలువు బార్ల కింద అవి వంకరగా తిరిగి మెడ నొప్పి తెప్పిస్తాయి. "పోయిన నెల నుంచి ఈ నెలకు తేడా ఎక్కడినుంచి వచ్చింది?" అంటే వాటర్‌ఫాల్, పెరిగినవీ తగ్గినవీ మెట్లలా చూపించే చార్టు. "ఏది, ఎప్పుడు, ఎవరిది?" అంటే పట్టిక.

డోనట్ దగ్గర ఫైనాన్స్ మేడం ఒప్పుకోలేదు. "వాటాలు చూపించాలంటే గుండ్రంగానే కదా బాగుంటుంది" అన్నారు. మాటలతో తేల్చకుండా ఒకే డేటాతో ఒక డోనట్, ఒక బార్ చార్టు పక్కపక్కన పెట్టి, అంకెలు కనబడకుండా చేసి, "రెండో స్థానంలో ఏ ప్రాడక్టు ఉందో చెప్పండి" అన్నాను. డోనట్‌లో రెండుసార్లు తప్పారు, బార్లలో చూడగానే చెప్పేశారు. దీని మీద పాత పరిశోధనే ఉంది. విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకే కొలబద్ద మీద స్థానాన్ని పోల్చడంలో మనిషి కన్ను తక్కువ తప్పు చేస్తుందని, కోణాలు, వైశాల్యాల దగ్గర ఎక్కువ పొరబడుతుందని తేలింది. డోనట్ లాంటిదే అయిన పై (pie) చార్టును 1801లో మొదట అచ్చు వేసిన విలియం ప్లేఫెయిరే అంతకు పదిహేనేళ్ల ముందు, 1786లో, బార్ చార్టునూ వేశాడు. రెండూ ఒకే మనిషి చేతిలోవి.

రెండే ముక్కలుంటే మాత్రం డోనట్‌తో నాకు పేచీ లేదు. ఉన్నదీ, లేనిదీ అన్నంత సులువుగా తెలుస్తుంది.

6వ రోజు

ఇవాళ బొమ్మల పని కాదు, డేటా మోడల్, అంటే పట్టికలను ఒకదానితో ఒకటి ముడివేసే పని. రేపు కూడా ఇదే.

ఆర్డర్ల పట్టికను, డిస్పాచ్ పట్టికను మెర్జ్ చేసి ఒకే పెద్ద పట్టికగా పెట్టుకున్నాను, ఎక్సెల్ అలవాటు కొద్దీ. ఆర్డర్ల మొత్తం విలువ చూసుకుంటే పాత ఫైలు కన్నా బాగా ఎక్కువ వచ్చింది. గంటన్నర వెతికాక తెలిసింది. ఒక ఆర్డరు మూడు విడతల్లో వెళ్తే, అతికించిన పట్టికలో దానికి మూడు వరుసలవుతాయి. విలువ కూడితే మూడింతలు. విడతలు లేని ఆర్డర్లన్నీ సరిగ్గానే ఉంటాయి కాబట్టి అక్కడక్కడా చూసి సరిచూసుకుంటే ఈ తప్పు దొరకదు. మొత్తం పట్టుకుని చూడాల్సిందే.

మెర్జ్ తీసేసి, ఆర్డర్లు వేరుగా, డిస్పాచ్ వేరుగా ఉంచాను. మధ్యలో తేదీ, బ్రాంచి, ప్రాడక్టు అనే మూడు చిన్న పట్టికలు పెట్టి, రెండింటినీ వాటితో ముడివేశాను. దీన్నే స్టార్ స్కీమా అంటారు. పవర్ బీఐ పుట్టక ముందు నుంచీ, 1990లలో రాల్ఫ్ కింబల్ లాంటి వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఇప్పుడు బ్రాంచి ఎంచుకుంటే ఆర్డర్లూ డిస్పాచ్‌లూ రెండూ దానికి తగ్గట్టు మారతాయి, ఒకదాని వరుసలు ఇంకొకదాని వరుసలను పెంచవు.

తేదీల దగ్గర ఇంకో చిక్కు. ఆర్డర్ల పట్టికలో రెండు తేదీలున్నాయి: ఆర్డరు వచ్చిన రోజు, ఇస్తామని మాటిచ్చిన రోజు. రెండు పట్టికల మధ్య ఒక సంబంధమే చురుగ్గా పనిచేస్తుంది, రెండోది చుక్కల గీతగా నిద్రపోతుంది. మాటిచ్చిన తేదీ ప్రకారం లెక్క కావాలంటే ఆ మెజర్‌లో (లెక్క కోసం రాసే సూత్రంలో) యూజ్‌రిలేషన్‌షిప్ అని రాసి దాన్ని లేపాలి.

నెలలు ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్, ఫిబ్రవరి అని వచ్చాయి. ఇంగ్లిషు అక్షర క్రమం. నెల పేరును నెల సంఖ్య ప్రకారం వరుస పెట్టమని చెప్పగానే సర్దుకున్నాయి. ఇది తెలియనివాళ్లు ఉండరు, అయినా ప్రతిసారీ మర్చిపోతారు.

మా ఆర్థిక సంవత్సరం జనవరిలో మొదలవదు. "ఈ ఏడాది ఇప్పటివరకు" అనే మొత్తానికి డేట్స్‌వైటీడీ అనే ఫంక్షన్ వాడేటప్పుడు ఏడాది ఏ తేదీతో ముగుస్తుందో కూడా ఇవ్వాలి, లేకపోతే జనవరి నుంచి కూడుతుంది.

9వ రోజు

ఈ రోజంతా ఒక్క మాట మీద గడిచింది: "సకాలంలో."

ఎంత శాతం ఆర్డర్లు సకాలంలో వెళ్లాయి? కార్డులో పెట్టాల్సిన అంకె ఒకటే. మెజర్ రాయడానికి పది నిమిషాలు. రాసి చూపిస్తే 88 వచ్చింది. అమ్మకాల హెడ్ నవ్వి, "కస్టమర్ల ఫోన్లు ఎత్తేది నేను, 88 ఎలా అవుతుంది?" అన్నారు.

నేను వాడింది సిస్టంలో ఉన్న "డెలివరీ తేదీ". అది ఎప్పటికప్పుడు మారుతుందని నాకు తెలియదు. సరుకు ఆలస్యమైతే గోడౌన్‌లో ఆ తేదీని తర్వాతి రోజుకు జరుపుతారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది సబబే. లారీ ప్లానింగుకు వాళ్లకు నిజమైన తేదీ కావాలి. కానీ జరిపిన తేదీతో పోలిస్తే దాదాపు అన్నీ సకాలంలోనే వెళ్తాయి కదా. మొదట మాటిచ్చిన తేదీ వేరే పాత కాలమ్‌లో ఉంది. దాంతో లెక్కేస్తే 61.

ఫైనాన్స్ మేడం లెక్క మూడోది. వాళ్లకు ఆర్డరు పూర్తయిందంటే ఇన్వాయిస్ పడినట్టు. విడతల్లో వెళ్లే ఆర్డరుకు చివరి విడత వెళ్లాకే పూర్తి. మిగతా ఇద్దరూ మొదటి విడత వెళ్లినా వెళ్లినట్టే అనుకుంటున్నారు, పైగా ఆ సంగతి పైకి చెప్పుకోలేదు కూడా. మేడం లెక్కన 74, ఎందుకంటే ఆవిడ పోల్చేది జరిపిన తేదీతో.

ముగ్గురిదీ తప్పు కాదు. ముగ్గురూ ఇన్నాళ్లూ ఒకే పేరుతో మూడు వేర్వేరు సంగతులు మాట్లాడుకుంటున్నారు. ఇన్ని సోమవారాలు మీటింగులో ఆ మొదటి పావుగంట ఎందుకు పోయేదో ఇప్పుడర్థమైంది.

సాయంత్రం ముగ్గురినీ ఒక గదిలో కూర్చోబెట్టాం. రెండు గంటలు పట్టింది, మధ్యలో గొంతులు కూడా లేచాయి. చివరికి కుదిరింది ఇదీ: "మొదటి మాట ప్రకారం సకాలంలో" అని ఒక అంకె, అది బయటి కస్టమర్ చూసేది. "సవరించిన తేదీ ప్రకారం సకాలంలో" అని ఇంకోటి, అది గోడౌన్ పనితీరుది. రెండింటికీ చివరి విడతే లెక్క. పూర్తి పేరు లేకుండా వట్టి "సకాలంలో" అని రిపోర్టులో ఎక్కడా ఉండకూడదు. నిర్వచనం కార్డు మీద మౌసు పెడితే కనబడాలి.

చివరి విడత లెక్కతో మళ్లీ వేస్తే సవరించిన తేదీ ప్రకారం మేడం చెప్పిన 74 వచ్చింది. మొదటి మాట ప్రకారం 61 కాస్తా 52కి దిగింది. అమ్మకాల హెడ్ ఈసారి నవ్వలేదు.

10వ రోజు

నిన్నటి 52కి తోక. బ్రాంచిల వారీ పట్టికలో కింద మొత్తం తప్పని ఒక బ్రాంచి మేనేజర్ మెయిల్ పెట్టారు. పైన ఉన్న శాతాలన్నీ కూడి బ్రాంచిల సంఖ్యతో భాగిస్తే 70 వస్తోంది, కింద 52 ఉంది, ఏది నిజం అని.

కిందిదే నిజం. ఉదాహరణకు ఒక చిన్న బ్రాంచికి 10 ఆర్డర్లు, 9 సకాలంలో వెళ్లాయి, 90 శాతం. పెద్ద బ్రాంచికి 190 ఆర్డర్లు, 95 సకాలంలో, 50 శాతం. ఈ రెండు శాతాల సగటు 70. కానీ 200 ఆర్డర్లలో వెళ్లినవి 104, అంటే 52. మెజర్ పై వరుసల శాతాలను తీసుకోదు, మొత్తం వరుస దగ్గర ఆ లెక్కను కొత్తగా మొదలుపెట్టి చేస్తుంది. అదే కావాలి మనకు. చేత్తో చేసిన పాత ఎక్సెల్‌లో నేను శాతాల సగటే వేసేవాణ్ణి. ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ మాత్రం రాసుకుంటున్నాను.

12వ రోజు

కేపీఐ (ముఖ్య పనితీరు సూచిక) విజువల్ పెట్టాను. ఒకే పెట్టెలో అంకె, లక్ష్యం, వెనక లేతగా ట్రెండు గీత. మూడు కార్డుల పని ఒకటే చేస్తుంది. లక్ష్యం దాటితే ఆకుపచ్చ, దాటకపోతే ఎరుపు.

అన్నీ ఎర్రగా వచ్చాయి.

ఈసారి సహాయ పేజీ ముందే తెరిచాను. ఆ పెద్ద అంకె ఏడాది మొత్తం కాదు. ట్రెండు అక్షం మీద అన్నిటికన్నా చివరి బిందువు విలువ. అక్షం నెలల్లో ఉంటే చివరిది ఈ నెల, ఇంకా సగం కూడా గడవనిది. దాన్ని నెల మొత్తం లక్ష్యంతో పోలిస్తే ఎరుపు కాక ఏమవుతుంది. ముగిసిన నెలల వరకే ఉండేలా ఫిల్టర్ పెట్టాను, పెట్టె పేరులోనే "పోయిన నెల" అని రాశాను. నడుస్తున్న నెలకు వేరే గీత చార్టు: రోజురోజుకూ పెరిగే మొత్తం ఒక గీత, రోజుల వారీగా పంచిన లక్ష్యం ఇంకో గీత. రెండు గీతల మధ్య ఎడం చూస్తే చాలు, వెనకబడ్డామో లేదో తెలుస్తుంది.

అమ్మకాలనూ, రిటర్న్ శాతాన్నీ కలిపి రెండు అక్షాల చార్టు ఒకటి అడిగారు. ఎడమ కొలబద్ద ఒకటి, కుడి కొలబద్ద ఇంకొకటి. ఈ రకం చార్టులో నాకు నమ్మకం లేదు. కుడి అక్షాన్ని కొంచెం సాగదీస్తే రెండు గీతలూ ఎక్కడ కావాలంటే అక్కడ కలుస్తాయి, కలిసిన చోట ఏదో జరిగిందని జనం అనుకుంటారు. ఒకదాని కింద ఒకటి రెండు చిన్న చార్టులు పెట్టాను, నెలలు మాత్రం నిలువునా సరిగ్గా ఒకదాని కింద ఒకటి వచ్చేలా.

13వ రోజు

చిన్న సంగతి. పట్టికలో ఆలస్యమైన వరుసలకు ఎరుపు, సరిగ్గా ఉన్నవాటికి ఆకుపచ్చ వేశాను. డిస్పాచ్‌లో ఒకాయన చూసి, "ఏవి ఆలస్యమండీ?" అన్నారు. ఆయనకు ఆ రెండు రంగులూ ఒకేలా కనబడతాయట. ఇన్నేళ్లుగా ఎక్సెల్ పంపుతున్నా ఎప్పుడూ చెప్పలేదు. నారింజ, నీలం చేశాను, ఆలస్యమైన వాటి పక్కన ఒక గుర్తు, "3 రోజులు" అని మాట కూడా. ఇప్పుడు రంగు లేకపోయినా చదవొచ్చు.

15వ రోజు

మొదటి పేజీ తెరుచుకోవడానికి పదకొండు సెకన్లు పడుతోంది. నాకే విసుగొచ్చింది, ఇక ఫోనులో చూసేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

పర్ఫార్మెన్స్ అనలైజర్ పెట్టి రికార్డు చేశాను. పేజీ మీద ఒక్కో విజువల్ ఎంతసేపు తీసుకుందో, అందులో క్వెరీకి, అంటే డేటాను అడిగి తెచ్చుకోవడానికి, ఎంత, బొమ్మ గీయడానికి ఎంత అని విడివిడిగా చూపిస్తుంది. రెండు నేరస్థులు దొరికాయి.

ఒకటి, కార్డులు. పదిహేను కార్డులు విడివిడిగా పెట్టాను. ప్రతి కార్డూ తన క్వెరీ తను పంపుతుంది. ఒకే విజువల్‌లో అనేక అంకెలు పట్టే కార్డు రకం ఉంది, దాంట్లో ఎనిమిది పెట్టాను. మిగతా ఏడూ అక్కర్లేదని తేలింది, అడిగినవాళ్లకే అవెందుకో గుర్తులేదు.

రెండు, నేను రాసిన ఒక మెజర్. "30 రోజులు దాటిన ఆర్డర్లు" కోసం ఆర్డర్ల పట్టిక మొత్తాన్ని ఫిల్టర్ ఫంక్షన్‌లోకి తోసి వరుస వరుసా పరీక్షించమన్నాను. అది నలభై బ్రాంచిలు, పన్నెండు నెలల మ్యాట్రిక్స్‌లో ఉంది. గళ్లు దాదాపు ఐదు వందలు. పట్టిక మొత్తానికి బదులు ఆ ఒక్క కాలమ్ మీద షరతు పెట్టాను. అంకె అదే, సమయం మాత్రం కళ్లముందే పడిపోయింది.

ఇప్పుడు మూడు సెకన్లు.

17వ రోజు

"మీ రిపోర్టు తప్పు" అని అమ్మకాల హెడ్ ఫోన్. ఆయన తెర మీద ఆర్డర్లు నా తెర కన్నా నాలుగో వంతే ఉన్నాయి. పరుగెత్తుకెళ్లాను. నిన్న సాయంత్రం ఆయన ఒక బ్రాంచిని ఎంచుకుని చూసి, అలాగే మూసేశారు. ఎవరి ఫిల్టర్లు వాళ్లకు గుర్తుంచుకుని, మళ్లీ తెరిచినప్పుడు అదే స్థితిలో చూపించడం పవర్ బీఐ సర్వీసుకు అలవాటు. ఆ స్లైసర్ (బ్రాంచిని ఎంచుకునే పెట్టె) చూస్తే పక్కనున్న మూల డబ్బాలో ముడుచుకుని ఉంది. ఆయన కంట్లో ఎందుకు పడుతుంది?

రెండు మార్పులు చేశాను. పేజీ పైన పెద్ద అక్షరాల శీర్షిక ఎంపికను బట్టి మారుతుంది: "అన్ని బ్రాంచిలు, ఈ నెల" అనో, బ్రాంచి పేరు, నెల పేరు అనో. పక్కనే "మొదటికి తీసుకురా" అని ఒక బటన్. శీర్షిక మెజర్‌తో రాయడం ఐదు నిమిషాల పని. నాకు మొదటి రోజే తట్టాల్సింది.

దీంతోపాటే ఇంటరాక్షన్ల సంగతి. ఒక బార్ మీద నొక్కితే పేజీలోని మిగతావన్నీ దానికి స్పందిస్తాయి. కొన్ని ఫిల్టర్ అవుతాయి, కొన్నిటిలో ఎంచుకున్న భాగం మాత్రం ముదురుగా, మిగతాది లేతగా మారుతుంది. చూసేవాళ్లకు ఈ తేడా అర్థం కాదు. పట్టికకు, గీతలకు "ఫిల్టర్ అవు" అని, లక్ష్యం కార్డులకు "కదలకు" అని ఒక్కొక్కటిగా పెట్టుకుంటూ వచ్చాను. విసుగు పని, కానీ చేయకపోతే రోజుకో ఫోను వస్తుంది.

18వ రోజు

ట్రీమ్యాప్, అంటే విలువను బట్టి పెద్దవీ చిన్నవీ అయ్యే గళ్ల చార్టు, ప్రయత్నించి తీసేశాను. వందల ప్రాడక్టులుంటే గళ్లలోంచి పేర్లు మాయమవుతాయి. అయినా దాని పుట్టుక నాకిష్టం. 1990లో మేరీలాండ్ యూనివర్సిటీలో పద్నాలుగు మంది పంచుకునే 80 మెగాబైట్ల హార్డ్ డిస్కు నిండిపోతుంటే, చోటంతా ఎవరు తింటున్నారో చూడటానికి బెన్ ష్నైడర్‌మన్ కనిపెట్టాడు. ఆ పనికి అది ఇప్పటికీ బాగుంటుంది. మాది ఆ పని కాదు.

మ్యాపు కూడా మళ్లీ రాలేదు. ఏ బ్రాంచి ఎక్కడుందో మా వాళ్లకు తెలుసు.

20వ రోజు

ఒక బ్రాంచి మేనేజర్ తన బ్రాంచినే చూడాలి, పక్క బ్రాంచిది కనబడకూడదు. రో లెవెల్ సెక్యూరిటీ పెట్టాను: లాగిన్ అయినవారి మెయిల్‌ను బట్టి బ్రాంచి పట్టిక వడకట్టబడుతుంది. డెస్క్‌టాప్‌లో "ఫలానావారిలా చూడు" అని పరీక్షిస్తే చక్కగా పనిచేసింది.

పరీక్షకు ఇద్దరు మేనేజర్లకు ఇచ్చాను. గంటలో ఒకరు, "పక్క బ్రాంచి రిటర్నులు మాకన్నా ఎక్కువున్నాయే" అని సంతోషంగా మెసేజ్ పెట్టారు. కడుపులో ఒక్కసారిగా ఏదో జారినట్టయింది.

తప్పు ఫార్ములాది కాదు, నేనిచ్చిన అనుమతిది. తొందరలో వాళ్లిద్దరినీ వర్క్‌స్పేస్‌లో కంట్రిబ్యూటర్లుగా చేర్చాను. మార్చే హక్కు ఉన్నవాళ్లకు ఈ వడపోత వర్తించదు, చూసే హక్కు మాత్రమే ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. వాళ్లను వ్యూయర్లుగా మార్చి, ఒక వట్టి పరీక్ష ఖాతాతో లోపలికి వెళ్లి నా కళ్లతో చూసుకుని, అప్పుడు భోజనానికి లేచాను. ఇద్దరితో మొదలుపెట్టాను కాబట్టి సరిపోయింది, నలభై మందికి ఒకేసారి ఇచ్చి ఉంటే నా టెన్షన్ చెప్పనలవి కాదు.

22వ రోజు

ఫోనుకు వేరే లేఅవుట్ ఉంటుంది, దాన్ని విడిగా పేర్చుకోవాలి. ఎనిమిది అంకెలు, ఒక గీత, ఆలస్యాల పట్టిక, అంతే. మిగతావి ఫోనులో లేవు.

ఆలస్యాల పట్టిక తెల్లవారుజామున ఒకలా, పొద్దెక్కాక ఇంకోలా ఉందని గోడౌన్ ఇన్‌చార్జి గారు చెప్పారు. ఆయన అందరికన్నా ముందొస్తారు. సర్వీసులో "ఈ రోజు" అనే ఫంక్షన్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) గడియారం చూస్తుంది. మన గడియారం దానికన్నా ముందుంటే, కొన్ని గంటలపాటు దానికింకా నిన్నే. తేడా గంటలు కలిపి సరిచేశాను. రోజుకు ఎనిమిదిసార్లు రిఫ్రెష్ పెట్టుకోవడానికి మా ప్రో లైసెన్సు ఒప్పుకుంటుంది, మొదటిది ఆయన రాకముందే పెట్టాను. "చివరిగా రిఫ్రెష్ అయిన సమయం" పేజీ మూలన రాశాను.

24వ రోజు

అందరికీ ఇచ్చేశాను. నాలుగు పేజీలు. మొదటి మీటింగులో అంకెల మీద గొడవ లేదు. ఆ పావుగంట ఏం మాట్లాడాలో తెలియక కాసేపు అందరూ తెరవైపే చూస్తూ కూర్చున్నారు.

31వ రోజు

వారం వాడకం లెక్కలు చూశాను. నేను అన్నిటికన్నా ఎక్కువ కష్టపడ్డ వాటర్‌ఫాల్ పేజీ తెరిచింది ముగ్గురు, అందులో ఒకడిని నేను. అందరూ ఎక్కువగా తెరిచింది నాలుగో పేజీ, గోడౌన్ కోసం చేసిన వట్టి పట్టిక. అమ్మకాల వాళ్లు కూడా అదే చూస్తున్నారు, కస్టమర్ ఫోన్ చేస్తే ఆర్డరు నంబరు వెతకడానికి. దానికి వెతుకుడు పెట్టె ఒకటి చేర్చాలి. ఎక్సెల్‌లోకి దించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లెందుకు దించుకుంటున్నారో అడగాలి. ఏదో ఒక కాలమ్ తక్కువై ఉంటుంది.

సాయంత్రం మేనేజర్ వచ్చి, "పైవాళ్ల మీటింగుకు ఆ గుండ్రటిది ఒకటి ఉంటే బాగుంటుంది, మొదట్లో చూపించావు కదా" అన్నారు. గేజ్.

పెట్టాను. ఒక్కటే. మొదటి మాట ప్రకారం సకాలంలో వెళ్లిన ఆర్డర్ల శాతం. కనిష్ఠం 0, గరిష్ఠం 100, లక్ష్యం గీత టార్గెట్ల పట్టిక నుంచి. శాతానికి హద్దు ఉంది కాబట్టి ఇక్కడ దానికి చోటుంది.

గోడౌన్ ఇన్‌చార్జి గారు ఎప్పటిలాగే నా వెనక వచ్చి నిలబడ్డారు. రంగు సగం దాటీ దాటనట్టు ఆగి ఉంది.

"మళ్లీ సగమేనా? సరిచేశానన్నారు కదా" అన్నారు.

"సరిగ్గానే ఉందండీ. 52."

ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సరే, బ్రాంచిల వారీ పట్టిక తెరవండి" అన్నారు.